కట్టెకు ఉరెందుకు?

నాలుగు క్లాంపులు, మర తిప్పితే దవడలు బిగుసుకునే ఇనుప వైసు ఒకటి పెట్టి మరీ నేను పాడుచేసిన వేప పలక ఒకటి మా మెట్ల కింద ఇప్పటికీ ఉంది. 4 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మొదట ఒకటిన్నర అంగుళం మందం ఉండేది, ఇప్పుడు కొన్నిచోట్ల ముప్పావు అంగుళం కూడా లేదు. మా ఆవిడ దాని మీద ఉల్లిగడ్డలు ఆరబోస్తుంది. పలక వంకరగా ఉండడం వల్ల ఉల్లిగడ్డలు దొర్లిపోకుండా మధ్యలోకి చేరుతున్నాయి కాబట్టి ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు.

నేను నల్లగొండ జిల్లాలో హైస్కూలు లెక్కల టీచర్ని. వడ్రంగం నాకు కులవృత్తి కాదు, బతుకుదెరువూ కాదు, ఆదివారాల పిచ్చి అంతే. బడిలో పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే పిల్లలు అటువైపే చూడరు. బయట అరల్లో పెడితే ఎవరో ఒకరు తీస్తారు. అందుకని ఒక షెల్ఫు మొదలుపెట్టాను. పాత ఇల్లు కూల్చినచోట దొరికిన వేప చెక్కను మిషన్ దగ్గర పలకలుగా కోయించి తెచ్చాను. మే నెల ఎండకి నాలుగు రోజుల్లో అవి పడవల్లా వంగాయి. సరే, రందా (చిత్రిక) పట్టి చదును చేద్దామనుకున్నాను.

వీడియోల్లో చూసింది గుర్తుపెట్టుకుని, కదలకుండా ఉండాలని పలకను నాలుగు మూలలా జీ క్లాంపులతో బల్లకు బిగించాను. క్లాంపు ఉన్నచోట రందా ఆడదు. అందుకని మధ్యలో పట్టడం, క్లాంపు విప్పడం, జరపడం, మళ్ళీ బిగించడం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదకొండు దాటింది. చివరికి స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే దాని కింద వెలుతురు కనబడటం లేదు. అద్దంలా ఉంది. సంతోషంగా క్లాంపులు నాలుగూ విప్పాను. పలక మెల్లగా లేచి మళ్ళీ పడవైంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు రందా బ్లేడును తిట్టుకున్నాను. దాన్ని మళ్ళీ సానపట్టి, పలకను ఇంకా గట్టిగా బిగించి, మళ్ళీ మొదటి నుంచి పట్టాను. మళ్ళీ పడవే, ఈసారి కాస్త పలుచటి పడవ.

విషయం చాలా చిన్నది, లెక్కల టీచరుకు తట్టకపోవడమే సిగ్గుచేటు. వంగిన పలకను నాలుగు మూలలా అదిమి బిగిస్తే అది క్లాంపుల బలవంతానికి చదునుగా కనబడుతుంది. ఆ స్థితిలో పైన ఎంత చదును చేసినా చదునైంది వంచిపెట్టిన పలకే. పట్టు వదలగానే లోపల అణిగి ఉన్న వంపు తిరిగి వస్తుంది, మనం చదును చేసిన ముఖాన్ని కూడా తనతోపాటు వంచుకుంటుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత మోసం.

ఆ మధ్యాహ్నమే మా ఊరి వడ్ల తాత, అంటే వడ్రంగి తాత, వచ్చాడు. ఆయనది మా సొంతూరు, దేవరకొండ వైపు. చిన్నప్పుడు మా ఇంటి నాగళ్ళు, గుంటకలు, దర్వాజలు అన్నీ ఆయన చేతివే. పంట వచ్చినప్పుడు చేసిన పనికి బదులు కల్లం దగ్గర వడ్ల మేర తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డాడు. కంటి పరీక్షకు నల్లగొండ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అన్నం తిని పోతాడు. చేతులు కడుక్కుంటూ నా బల్ల వైపు చూసి ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా, కట్టెకు ఉరి పెట్టినవు? ఏం తప్పు జేసింది అది?"

"గట్టిగ బిగియ్యకపోతె కదుల్తది గద తాతా."

"కదుల్తది. ఎటు కదుల్తది?"

నా దగ్గర జవాబు లేదు. "ఎటంటె... కదుల్తది" అన్నాను. క్లాసులో పిల్లవాడు ఇలాంటి జవాబు చెబితే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

ఆయన క్లాంపులు తీయించాడు. పలకను కిందికి దింపి, గుంట ఉన్న ముఖం నేలకు ఆనేలా వేసి, ఒక కొసను వంటింటి గడపకు ఆనించాడు. పలక ఒక మూల టకటకమంటోంది. నేల మీద పడి ఉన్న రందా పొట్టు ఒక చుట్ట తీసి, రెండు మడతలు వేసి, ఆ మూల కిందికి తోశాడు. ఇంకో మడత నడుమ గుంటలోకి దూర్చాడు. మళ్ళీ తట్టి చూశాడు, చప్పుడు లేదు. ఎడమకాలి బొటనవేలితో పలక వెనక కొసను ఊరికే తాకించి, రందా పట్టుకుని గడప వైపు తోయడం మొదలుపెట్టాడు. పలకను పట్టుకున్నది ఏదీ లేదు. అయినా పలక కదల్లేదు. పది నిమిషాల్లో ఒక ముఖం చదునైంది. పైకెత్తి చూసినా చదునుగానే ఉంది, ఎందుకంటే దాన్ని ఎవరూ వంచి పెట్టలేదు.

ఈ వ్యాసమంతా ఆ "ఎటు?" గురించే. చేతి పనిముట్లతో పని మొదలుపెట్టే మాలాంటి వాళ్ళు ముక్కను పట్టుకోవడం అంటే అన్ని వైపులా బిగించడం అనుకుంటాం. ప్రతి పనిముట్టూ కట్టెను ఒక దిక్కుకే తోస్తుంది. ఆ దిక్కులో అడ్డు ఉంటే చాలు, మిగతా దిక్కుల్లో వదిలేయవచ్చు. వదిలేయాలి కూడా. పదిసార్లు తిప్పి చూసుకోవాల్సిన ముక్కను ప్రతిసారీ మర విప్పి, మళ్ళీ బిగించాలంటే బద్ధకం వస్తుంది. బద్ధకం వస్తే చూడటం మానేస్తాం. ముక్కలు పాడయ్యేది అక్కడే.

రందానే తీసుకోండి. మనం దాన్ని ముందుకు తోస్తాం, కొంచెం కిందికి అదుముతాం. కిందికి అదిమిన బలాన్ని బల్ల ఆపుతుంది. ముందుకు తోసిన బలాన్ని ముందున్న అడ్డు ఆపుతుంది. వెనక్కి లాగేటప్పుడు రందాను కాస్త ఎత్తితే వెనక్కి లాగే బలమే ఉండదు. ఇక బిగించడానికి ఏం మిగిలింది? జపాన్‌లో వడ్రంగులు రందాను తమవైపు లాగుతారు, రంపాన్ని కూడా లాగే కోస్తారు. కాబట్టి వాళ్ళ అడ్డు మనిషి ఉన్న వైపే ఉంటుంది. కట్టె ఒకటే, పని ఒకటే, అడ్డు మాత్రం అటుది ఇటు వచ్చింది. "ఎటు?" అని అడక్కుండా ఏ అడ్డూ పెట్టలేం.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. "మన తాతలకు అన్నీ తెలుసు, ఈ బల్లలు వైసులు అన్నీ తెల్లవాళ్ళ హంగులు" అనే రాగం ఒకటి ఈమధ్య బాగా వినబడుతోంది. నేను ఆ పాట పాడటం లేదు. తాత మోకాళ్ళు చూశాను. అరవై ఏళ్ళు గొంతుక్కూర్చుని పని చేసిన ఆ మోకాళ్ళ మీద ఆయన ఇప్పుడు గోడ పట్టుకోనిదే లేవలేడు. ఎడమకాలి బొటనవేలి గోరు సగమే ఉంది. బాడిసె దెబ్బ. పక్క వేలి మీద ఉలి గీసిన తెల్లటి గీతలు లెక్కపెట్టబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు. కాలివేళ్ళతో పట్టుకోవడం అద్భుతమైన నైపుణ్యమే. కానీ పదునైన ఇనుముకు అంగుళం దూరంలో ఒళ్ళు పెట్టి చేసే నైపుణ్యం అది. కాబట్టి నేను తాత దగ్గర ప్రశ్న తీసుకున్నాను, కూర్చునే తీరు తీసుకోలేదు.

బల్ల కొత్తగా చేసుకున్నాను. పాతది ప్లైవుడ్ టేబులు, రందా పడితే ఉయ్యాలలా ఊగేది. మన ప్రాంతంలో పాత మట్టి మిద్దెలు కూల్చినప్పుడు దూలాలు, దంతెలు అమ్ముతారు. చెదలు తినని రెండు దూలాలు ఏరుకుని, కోయించి, పక్కపక్కన అతికితే 3 అంగుళాల మందం పలక వచ్చింది. కాళ్ళు కూడా అందులోవే. ఇద్దరం పట్టుకుంటేగానీ జరగదు. ఇంత బరువుంది కదా అని మొదటి రోజు ధీమాగా రందా తోశాను. వేప పలక కదల్లేదు, బల్లే కదిలింది. మా ఇంట్లో నున్నటి టైల్స్ మరి! పాత ఇంట్లో షాబాద్ బండల మీద ఈ బాధ ఉండేది కాదు. కాళ్ళ కింద పాత సైకిల్ టైరు ముక్కలు అతికించి, బల్ల కొసను గోడకు ఆనించాక నిలబడింది. ముక్కను అడ్డు ఆపితే, అడ్డును బల్ల ఆపాలి, బల్లను నేల ఆపాలి. ఈ వరసలో ఎక్కడ సడలినా పని సాగదు. వేల రూపాయల వైసు కొని తేలికపాటి టేబులుకు బిగించే వాళ్ళు ఈ వరసలో మొదటి కొసను మాత్రమే చూస్తున్నారు. నేనూ అదే చేశాను కాబట్టి అనే హక్కుంది.

ఇప్పుడు అడ్డు సంగతి. పాత పద్ధతిలో అయితే బల్లకు 2 అంగుళాల చదరపు బెజ్జం తొలిచి, అందులో బిర్రుగా ఒక కట్టె దూరుస్తారు. కింది నుంచి సుత్తితో కొడితే పైకి లేస్తుంది, పై నుంచి కొడితే దిగుతుంది. ముక్క మందాన్ని బట్టి ఎత్తు సరిచూసుకోవడమే. అడ్డు ఎప్పుడూ ముక్క కన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉండాలి. లేకపోతే రందా బ్లేడు పోయి దానికే తగులుతుంది. ఇనుప అడ్డయితే ఆ రోజుకి పని బందు, సానరాయి ముందు కూర్చోవాల్సిందే. అందుకే నాది కట్టె అడ్డు.

ఈ అడ్డుతో రెండో రోజే ఒక చిక్కు వచ్చింది. పలక వెడల్పు 10 అంగుళాలు, అడ్డు 2 అంగుళాలే. పలక నడుమ పట్టినంతసేపు బాగానే ఉంది. కుడి అంచు మీద పట్టేసరికి పలక గడియారం ముల్లులా గిర్రున తిరిగింది. తలుపును బందుల దగ్గర తోస్తే కదలదు, గొళ్ళెం దగ్గర ఒక్క వేలితో తోసినా తిరుగుతుంది కదా, ఇదీ అదే. బలం అడ్డుకు సూటిగా కాకుండా పక్కనుంచి పోతే, ఆ దూరాన్ని బట్టి తిరుగుడు పెరుగుతుంది. బడిలో పిల్లలకు చెప్పే పాఠం. "ఎటు?" అంటే ముందుకూ వెనక్కే కాదు, గుండ్రంగా కూడా అని ఆ రోజు నేర్చుకున్నాను. తాత కాలివేలు వెనక కొస దగ్గర ఊరికే తాకించి ఎందుకు పెట్టాడో కూడా అప్పుడే అర్థమైంది. అది అదమడానికి పెట్టిన వేలు కాదు, తిరగకుండా పెట్టిన వేలు.

దీనికి రెండు మందులు. ఒకటి, పలక వెడల్పంతా ఉండే పొడవాటి పట్టీని అడ్డుగా వేయడం. సన్నటి పలకలకు నేను 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ వాడతాను. రెండోది ఇంకా ముచ్చటైనది. అడుగున్నర పొడవు చెక్క తీసుకుని, ఒక కొసలో లంబకోణంలో పెద్ద గంటు కోయాలి. అంటే నోరు తెరిచినట్టు. పలక వెనక మూలను ఆ నోట్లోకి పట్టించి, ఆ చెక్కను బల్లకు బిగించాలి. గమనించండి, పలకను కాదు, ఆ చెక్కను. ముందు అడ్డు, వెనక ఈ నోరు. పలక ముందుకు పోదు, తిరగదు, పక్కకు జారదు. పైన ఏమీ ఉండదు కాబట్టి రందా ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆగకుండా ఆడుతుంది. తిప్పి చూడాలంటే ఎత్తేయడమే. ఇంగ్లీషులో దీన్ని జింక కాలు అంటారు. మా పాప మాత్రం కప్ప నోరు అంది. నా కళ్ళకూ కప్పే కనబడుతోంది.

ఆ కప్ప నోటిని బల్లకు బిగించేది కొంగ. పేరు మాదే. 18 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని పైన కొంగ మెడలా వంచి, ముక్కును పలుచగా సాగగొట్టించాను. పట్టణం బయట ఒక కమ్మరి చేసిచ్చాడు. బొమ్మ గీసి చూపిస్తే "సారూ, ఇది దేనికి? పొయ్యిలకా?" అని అడిగాడు. బల్లకు 20 మిల్లీమీటర్ల బెజ్జాలు నిలువుగా వేసి, కొంగ కాలును అందులో వదులుగా దింపి, ముక్కును ముక్క మీద ఆనించి, మెడ మీద సుత్తితో ఒక్కటి వేస్తే చాలు. కడ్డీ బెజ్జంలో కొంచెం ఏటవాలుగా ఒరిగి, పైన ఒకవైపు అంచుకు, కింద ఎదురువైపు అంచుకు కరుచుకుంటుంది. మర లేదు, తిప్పుడు లేదు. తీయాలంటే మెడ వెనక ఒక దెబ్బ, వదిలేస్తుంది. మొదట్లో నాది పట్టలేదు. కమ్మరి పాపం శ్రద్ధగా గ్రైండర్‌తో మెరుగుపెట్టి ఇచ్చాడు, ఆ నునుపుకు జారిపోయేది. గరుకు ఎమ్రీ కాగితం చుట్టి కడ్డీకి అడ్డంగా రుద్దాక ఏనుగు తొక్కినట్టు పట్టింది. అందాన్ని చెడగొడితేనే పనిచేసే వస్తువులు కొన్ని ఉంటాయి.

ఇదేమీ కొత్త తెలివి కాదు. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణంలో దొరికిన ఒక గోడ బొమ్మలో వడ్రంగం పని చేస్తున్న రెక్కల పిల్లలు ఉంటారు. వాళ్ళ బల్ల మీద ఇలాంటి కొంగే కనబడుతుంది. 1769లో ఫ్రాన్సులో రూబో అనే వడ్రంగి తన వృత్తి మీద పెద్ద గ్రంథం అచ్చువేయడం మొదలుపెట్టాడు. అందులో ఆయన చెప్పిన బల్ల పలక ఐదారు అంగుళాల మందం. దాని మీద పనంతా నడిచేది ముఖ్యంగా అడ్డుతో, కొంగతో, ముందు అంచుకు బిగించిన ఒక కొక్కెంతో. తీరు తీరు కుర్చీలు, తలుపులు, మెట్లు చేసిన దేశంలో జీవితమంతా వడ్రంగం చేసినవాడి బల్ల అది. నేను పొడుగాటి మరల వైసు లేనిదే షెల్ఫు అర కూడా చేయలేననుకున్నాను.

పలక అంచు మీద రందా పట్టడం వేరే కథ. పలకను నిలువుగా నిలబెట్టాలి, అది పక్కకు పడిపోవాలని చూస్తుంది. చాలామంది వైసు కొనేది దీనికే. నేను చేసింది ఇది. బల్ల ఎడమ కొసన రెండు చెక్కదిమ్మెలు స్క్రూలతో బిగించాను, మధ్యలో సందు ఉండేలా. ఆ సందు ఒక వైపు తిన్నగా, ఇంకో వైపు ముందుకు పోయేకొద్దీ ఇరుకుగా ఉంటుంది. పలక కొసను అందులో నిలబెట్టి, ఏటవాలు వైపు ఒక చీల, అంటే ఒక కొస సన్నగా చెక్కిన ముక్క, పెట్టి చేత్తో నొక్కితే చాలు. రందాతో తోసినకొద్దీ పలక ముందుకు జరగాలని చూస్తుంది, చీలను తనతో లాక్కుపోతుంది, చీల ఇంకా ఇరుకులోకి పోయి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పని చేసే బలమే పట్టు ఇస్తోంది. తీయాలంటే పలకను వెనక్కి లాగడమే. దీనికి అయిన ఖర్చు నాలుగు స్క్రూలు.

మగ్గం మీద కూర్చున్న వాళ్ళకు ఇది చెబితే నవ్వుతారు. పుట్టపాకలో, గట్టుప్పల్‌లో గుంట మగ్గం చూసినవాళ్ళకు తెలుసు, నేసిన బట్ట చుట్టుకునే కొయ్యకు ఒక కొసన బెజ్జాలు ఉంటాయి. అందులో ఒక కర్ర దూర్చి ఆనించి పెడితే కొయ్య వెనక్కి తిరగదు, పడుగు బిగువు సడలదు. అంత నూలు లాగే బలాన్ని ఒక కర్ర ఆపుతోంది. అది తిరిగే దిక్కు ఒకటే అని తెలుసు కాబట్టి.

రంపం, ఉలి దగ్గరికి వస్తే ఎక్కువ చెప్పను. నా రంపం ముందుకు తోసినప్పుడు కోస్తుంది. కాబట్టి జానెడు పలకకు కింద మన వైపు ఒక పట్టీ, పైన అవతలి వైపు ఒక పట్టీ కొట్టి బల్ల అంచుకు తగిలిస్తే సరిపోతుంది. ముక్కను పై పట్టీకి ఎడమచేత్తో ఆనించి కోయడమే. రంపమే ముక్కను పట్టీకి నొక్కుతుంది. దర్వాజ చట్రాలకు బెజ్జాలు తొలిచేటప్పుడు దెబ్బ నిలువుగా కిందికే పడుతుంది, ముక్క ఎటూ పోదు. దాన్ని బల్ల కాలికి సరిగ్గా పైన పెట్టుకోవాలి. బల్ల నడుమ పెడితే పలక స్ప్రింగులా ఊగి సగం దెబ్బ తాగేస్తుంది. తాతయితే చట్రం మీదే కూర్చుని తొలిచేవాడు. ఆయన బరువే క్లాంపు.

ఉలిని చేత్తో తోసి చెక్కేటప్పుడు మాత్రం నా మాటలన్నీ పక్కనపెట్టి గట్టిగా బిగించండి. నా ఎడమ అరచేతిలో మూడు కుట్ల గుర్తుంది. చిన్న ముక్కే కదా అని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో ఉలి తోశాను. ముక్క జారింది, ఉలి ఆగలేదు. ఉలి పోయే దిక్కులో అడ్డుగా ఉన్నది నా చెయ్యే. ముక్క కొంగ కింద ఉండి, రెండు చేతులూ ఉలి మీదే ఉంటే కోసుకుందామన్నా కుదరదు. ఆస్పత్రిలో డాక్టరు "మొద్దుబారిన ఉలి అయితే ఇంత లోతు దిగేది కాదు సార్" అన్నాడు. అది నా సానకు దొరికిన మొదటి మెప్పు.

అయితే వైసు అక్కర్లేదా? అక్కర ఉంది. పలక కొసకు పావురం తోక ఆకారంలో ఒకదాన్నొకటి పట్టుకునే అతుకులు కోయాలంటే దాన్ని నిలువుగా నిలబెట్టి పట్టుకోవాలి, అక్కడ అడ్డు, కప్ప నోరు ఏమీ చేయలేవు. వంకర టింకర ముక్కలకూ, గుండ్రటి కర్రలకూ, రంపం పళ్ళు ఆకురాయితో పదును పెట్టడానికీ వైసు కావాలి. కానీ దానికీ ఒక జబ్బు ఉంది. సన్నటి ముక్కను వైసులో ఒక పక్కనే పెట్టి బిగిస్తే దవడలు రెండో పక్కన దగ్గరికి వచ్చి వంకరపోతాయి, పట్టు సగం కూడా ఉండదు. మనం ఇంకా గట్టిగా తిప్పుతాం, మర అరుగుతుంది, ముక్క జారుతుంది. అంతే మందమున్న ఇంకో ముక్కను రెండో పక్కన పెడితే దవడలు సమానంగా మూసుకుంటాయి, సగం బలంతోనే పట్టేస్తాయి. ఈ చిన్న చిట్కా తెలియక ఏడాది పాటు నా వైసును నాసిరకం సరుకని నలుగురికీ చెప్పాను. సరుకు మంచిదే.

నా వాదన వైసు మీద కాదు, వరస మీద. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు వైసు కొంటారు, తర్వాత దాన్ని బిగించడానికి ఒక టేబులు వెతుకుతారు, తర్వాత అన్ని పనులూ ఆ ఆరంగుళాల దవడల్లోకి దూర్చాలని చూస్తారు. నాలుగడుగుల పలక కొసను దవడలో కరిపించి మిగతాదంతా గాలిలో ఊగుతుంటే రందా తోస్తారు. ముందు బరువైన బల్ల, తర్వాత అడ్డు, తర్వాత బెజ్జాలు, కొంగ. వాటితో ఆరు నెలలు పని చేశాక ఏ పని ఆగిపోతోందో చూసుకుని వైసు కొనండి. నాకు కొంగలు రెండు, అడ్డు, కప్ప నోరు, చీల దిమ్మెలు అన్నీ కలిపి కమ్మరి కూలితో సహా వెయ్యి రూపాయలు దాటలేదు. వైసుకు అంతకు మూడింతలు పెట్టాను. దాని మీద దుమ్ము పడకుండా మా ఆవిడ ఇప్పుడు పాత చీర ముక్క కప్పి ఉంచుతోంది.

"ఇదంతా ముసలి పద్ధతి, ఇప్పుడు అంతా మిషన్లే" అని మా స్టాఫ్ రూములో ఒక సారు అంటాడు. నిజమే, ఊళ్ళో కార్పెంటర్లు ప్లైవుడ్ మీద, కరెంటు రందాల మీద పని చేస్తున్నారు, వాళ్ళ తొందర వాళ్ళది. కానీ కరెంటు రందా కూడా కట్టెను ఒక దిక్కుకే తోస్తుంది, ఇంకా వేగంగా తోస్తుంది. అడ్డు లేకుండా దాన్ని ఆన్ చేసిన కుర్రాడి తొడకు పడిన కుట్లు నాకన్నా చాలా ఎక్కువ.

ఈ దసరాకు తాతను పిలిచి బల్ల చూపించాను. చుట్టూ తిరిగాడు. టైరు ముక్కలు చూసి తల ఊపాడు. కప్ప నోరు పట్టించి చూపిస్తే నవ్వి, తన బొటనవేలు ఆడించి చూపించాడు. కొంగను బెజ్జంలో పెట్టి సుత్తి చేతికిచ్చాను. ఒక్కటి వేశాడు, ముక్కును పట్టుకుని గట్టిగా ఊపాడు, రాలేదు. "ఎట్ల వస్తది మల్ల?" అన్నాడు. మెడ వెనక కొట్టమన్నాను. టక్కున ఊడింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ ఊడగొట్టాడు. అలా ఓ పదిసార్లు చేసి ఉంటాడు, మా పాప పక్కన నిలబడి లెక్కపెట్టింది.

తర్వాత బల్ల మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. "నిలవడి చేసుడు నాతోని గాదు బిడ్డా, నడుం గుంజుతది" అన్నాడు. కిందికి వంగి, గోడ పట్టుకుని, మెల్లగా గడప మీద కూర్చున్నాడు. షెల్ఫుకు ఇంకా ఒక అర మిగిలి ఉంది, దాని పలక ఇమ్మని చెయ్యి చాపాడు.